పాతిక వేల లోపు నికాన్ టెలిజూమ్: తేలినీలాపురం పక్షులకీ, సిరిమాను సంబరానికీ ఏది కొనాలి?

టెక్కలి కుర్రోడు | ఆగస్టు 17, రాత్రి 9:42
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. నా దగ్గర నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. మా చిన్నాన్న వాడి నాకిచ్చారు. దాంతో వచ్చిన 18-55 తప్ప ఇంకో లెన్స్ లేదు. సెప్టెంబరు నుంచి తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి కదా, ఈసారి వాటిని సరిగ్గా తీయాలని ఉంది. దసరా అయ్యాక విజయనగరం పైడితల్లమ్మ సిరిమానుకి (పొడవాటి మాను చివర పూజారి కూర్చునే ఊరేగింపు) కూడా వెళ్తాను. రెండింటికీ పనికొచ్చేలా ఒక టెలిజూమ్ (దూరపువాటిని దగ్గరికి లాగే లెన్స్) చెప్పండి. పాతిక వేలు దాటకూడదు. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

బారువ_అల | ఆగస్టు 17, రాత్రి 10:05
కళ్లు మూసుకుని నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 వీఆర్ తీసుకో బ్రదర్. వీఆర్ అంటే చేతి వణుకు ఫొటోలో పడకుండా ఆపేది. 415 గ్రాములే, మెడకి తగిలించుకుని రోజంతా తిరగొచ్చు. ఫోకస్ చప్పుడు కూడా వినపడదు. ఒకటే జాగ్రత్త: అదే పేరుతో వీఆర్ లేనిది ఇంకోటి అమ్ముతారు. పైన చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి. డబ్బా మీద వీఆర్ అని ఉందో లేదో చూసి కొను.

పెదచెరువు | ఆగస్టు 17, రాత్రి 10:11
కళ్లు మూసుకుని కొంటే ఫొటోలు కూడా అలాగే వస్తాయి. బాబూ, ముందు కెమెరా మోడల్ చెప్పు.

పీ900_వీరాభిమాని | ఆగస్టు 17, రాత్రి 10:30
లెన్సులు, మౌంట్లు, ఈ గోలంతా ఎందుకండీ? సెకండ్ హ్యాండ్‌లో నికాన్ పీ900 తీసుకోండి. 83 రెట్ల జూమ్, 24 నుంచి 2000 ఎంఎంకి సమానం. కళింగపట్నం ఒడ్డున నిలబడి లైట్‌హౌస్ అద్దం మీద మరకలు కూడా తీశాను. మీ 300 ఎంఎం వీరులు రమ్మనండి చూద్దాం.

నాగావళి మాస్టారు | ఆగస్టు 18, ఉదయం 6:20
మరకల దాకా దేనికి నాయనా, ఆ ఫొటోని పెద్దది చేసి ఈకలు లెక్కపెట్టగలమా అన్నదే ప్రశ్న. పీ900 సెన్సర్ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. మంచి ఎండలో బాగానే తీస్తుంది, కాదనను. మబ్బు పట్టినా, పొద్దు వాలినా ఈకలన్నీ కలిసిపోయి మైనం ముద్దలా కనిపిస్తాయి. పైగా పీ900లో రా ఫైలు (తర్వాత మనం సర్దుకోవడానికి కెమెరా ఇచ్చే ముడి ఫైలు) రాదు. ఆ సౌకర్యం తర్వాత వచ్చిన పీ1000లో ఇచ్చారు. కూర్చున్న పక్షికైతే సరే. ఎగిరే పెలికాన్ వెనక ఆ స్క్రీనులో పరుగెత్తడం చాలా కష్టం.

అది సరే, టెక్కలి అబ్బాయీ, పెదచెరువు గారు అడిగినదానికి జవాబు రాయి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

టెక్కలి కుర్రోడు | ఆగస్టు 18, ఉదయం 8:02
డీ3200 మాస్టారూ.

మూడులాంతర్లు_స్టూడియో | ఆగస్టు 18, ఉదయం 8:40
అయితే ఏఎఫ్-పీ లెన్స్ వైపు చూడకు తమ్ముడూ. డీ3200 మీద అది ఫోకస్ అవ్వదు. ఆటో ఒక్కటే పోతే చేత్తో తిప్పుకోవచ్చు అనుకుంటారు. అదీ కుదరదు. ఆ లెన్స్‌లో ఫోకస్ రింగు తిప్పినా గాజుని కదిపేది లోపలున్న స్టెప్పింగ్ మోటారే. దాన్ని నడిపే భాష డీ3200కి రాదు. డీ3100, డీ5100, డీ7000, డీ90 వాళ్లకీ ఇదే గతి. డీ3300 అయితే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే పనిచేస్తుంది. డీ3400, డీ3500, డీ5600 వాళ్లకి ఇబ్బంది లేదు. డీ5200, డీ7100, డీ7200 మీద ఫోకస్ బాగానే అవుతుంది గానీ వీఆర్ ఆపడానికి కెమెరా మెనూలో ఆప్షన్ ఉండదు, లెన్స్ మీద స్విచ్చీ లేదు. ట్రైపాడ్ వాడేవాళ్లకి అది చిరాకు.

నా స్టూడియోకి నెలకి ఒకరైనా వస్తారు, "అన్నా, కొత్త లెన్స్ పాడైపోయింది" అని. చూస్తే లెన్స్ బంగారంలా ఉంటుంది.

బారువ_అల | ఆగస్టు 18, ఉదయం 9:15
డీ3200 అని తెలియదు గురూ. నాది డీ5600, వెన్నలా పనిచేస్తోంది. డీ5600, డీ3500 ఉన్నవాళ్లు నేను చెప్పినదే కొనుక్కోండి. ఆ ధరకి 300 దగ్గర అంత పదునైనది నేనింకా చూడలేదు.

మూడులాంతర్లు_స్టూడియో | ఆగస్టు 18, ఉదయం 9:50
అది నిజమే. ఎఫ్/6.3 అని (ఈ అంకె పెరిగితే లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది) పెదవి విరుస్తారు గానీ, బొమ్మ మాత్రం పాత లెన్సులకన్నా తేటగా వస్తుంది.

ఇక డీ3200కి రెండో చిక్కు. దీని బాడీలో ఫోకస్ మోటారు లేదు. అంటే లెన్స్‌లోనే మోటారు ఉండాలి. ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకి కనిపించే పాత ఏఎఫ్ నిక్కోర్ 70-300 జీ కొనకు, అందులో మోటారు లేదు, చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. టామ్రాన్ 70-300 డై ఎల్‌డీ మాక్రో అని చవకగా ఒకటుంది. నికాన్ మౌంట్‌లో దానికి మోటారు లేనిదీ ఉన్నదీ రెండు రకాలు వచ్చాయి. అమ్మేవాడికే తేడా తెలియకపోవచ్చు. నీ బాడీకి పెట్టి ఫోకస్ అయితేనే డబ్బులియ్యి. అందులో వీఆర్ లాంటిదేమీ లేదు కూడా. మందార పువ్వు మీద సీతాకోకచిలుకకి బాగుంటుంది, పక్షికి కాదు.

నీకు మిగిలేవి ఇవి: ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 55-200 వీఆర్, ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 55-300 వీఆర్, ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్ (2006లో వచ్చిన పెద్దది), టామ్రాన్ ఎస్‌పీ 70-300 వీసీ యూఎస్‌డీ (వీసీ అంటే టామ్రాన్ వాళ్ల వీఆర్). ఆఖరి రెండూ సెకండ్ హ్యాండే వెతుక్కోవాలి. నేనైతే వాటిలోనే ఒకటి తీసుకోమంటాను.

ఉప్పుగల్లీ | ఆగస్టు 18, మధ్యాహ్నం 1:25
55-200 వద్దు. 200కీ 300కీ ఎంత తేడా అని అడుగుతారు కొందరు. చింతచెట్టు కొమ్మ మీద గూడు చూసినప్పుడు తెలుస్తుంది.

55-300 నేను కొన్నాళ్లు వాడాను. చిత్రం బాగానే ఉంటుంది. ఫోకస్ మాత్రం నత్తనడక. పక్షి ఎగిరి, వంశధార దాటి, ఒడిశా చేరాక బీప్ అంటుంది. ఫోకస్ అవుతుంటే ముందు గాజు గుండ్రంగా తిరుగుతుంది, పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) పెట్టేవాళ్లకి అదో తలనొప్పి. ఆటోలో ఉండగా చేత్తో సర్దుకునే వీలు కూడా లేదు. 530 గ్రాములే, అదొక్కటే దాని గొప్ప. గూట్లో కూర్చున్న పిల్లలకీ, వాటికి మేత పెట్టే తల్లికీ చాలు.

ఎగిరేవి తీయాలంటే ఏఎఫ్-ఎస్ 70-300 వీఆరో, టామ్రాన్ వీసీనో. ఒకటి 745 గ్రాములు, ఇంకోటి 765. రెండింట్లోనూ ఫోకస్ చురుకు, ముందు గాజు తిరగదు, ఆటోలోనే రింగు పట్టుకుని సర్దుకోవచ్చు.

పెదచెరువు | ఆగస్టు 18, మధ్యాహ్నం 2:10
ఆ రెండింట్లో ఏదో తేల్చి చెప్పండి. ఇద్దరు పెళ్లికూతుళ్లని చూపించి ఇంటికి పంపేస్తే ఎలా?

ఉప్పుగల్లీ | ఆగస్టు 18, మధ్యాహ్నం 2:45
టామ్రాన్. 300 దగ్గర కాస్త నయం. నికాన్ 200 దాటాక మెత్తబడుతుంది, ఎఫ్/8కి మూస్తే మళ్లీ తేరుకుంటుంది. టామ్రాన్ వీసీ కూడా గట్టిది. షట్టర్ సగం నొక్కగానే వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక్క కుదుపు కుదిపి అతికించినట్టు నిలబడిపోతుంది. మొదటిసారి చూస్తే ఏదో అయిందని కంగారు పడతారు, అది దాని స్వభావం.

మూడులాంతర్లు_స్టూడియో | ఆగస్టు 18, సాయంత్రం 4:00
నేను నికాన్ అంటాను. కంపెనీ లెన్స్ అయితే రేపు నువ్వు జెడ్50 లాంటి మిర్రర్‌లెస్‌కి మారినా ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (పాత లెన్స్‌ని ఆ కెమెరాకి తగిలించేది) మీద ఆటోఫోకస్ నిక్షేపంగా పనిచేస్తుంది. అమ్మాలన్నా తొందరగా పోతుంది. 300 దగ్గర ఆ తేడా ఎంత? కంప్యూటర్‌లో వంద శాతానికి పెద్దది చేసి చూస్తే కనబడేంత. ఫోన్‌లో చూసే చుట్టాలకి తెలియదు.

ఉప్పుగల్లీ | ఆగస్టు 18, సాయంత్రం 4:20
పక్షుల ఫొటోలు వంద శాతానికి పెద్దది చేసే చూస్తాం గురూ. పెళ్లి ఆల్బం కాదుగా. కత్తిరించాకే పక్షి కనిపిస్తుంది.

నాగావళి మాస్టారు | ఆగస్టు 18, సాయంత్రం 6:35
తగువు తర్వాత. కుర్రాడు ఏ దూరం నుంచి తీస్తాడో లెక్కేద్దాం. జీవితమంతా ఫిజిక్సు చెప్పినవాణ్ణి, లెక్క లేకుండా నిద్రపట్టదు.

డీ3200 సెన్సర్ ఎత్తు 15.4 మిల్లీమీటర్లు. కూర్చున్న పెలికాన్ సుమారు మీటరు ఎత్తు అనుకో. 50 మీటర్ల దూరంలో ఉంటే, 300 ఎంఎం లెన్స్ సెన్సర్ మీద వేసే బొమ్మ 6 మిల్లీమీటర్లు. అంటే ఫ్రేము ఎత్తులో మూడో వంతుకి పైనే. చుట్టూ గూడు, కొమ్మలు, కాస్త ఆకాశం కూడా వస్తాయి. ఎంత బాగుంటుందో ఊహించుకో. అదే 200 మీటర్ల దూరమైతే బొమ్మ ఒకటిన్నర మిల్లీమీటరు, ఫ్రేములో పదో వంతు. అప్పుడు 600 ఎంఎం తెచ్చినా అయిదో వంతే.

కాబట్టి దూరం సగం చేస్తే లెన్స్ రెట్టింపు చేసినట్టే, పైసా ఖర్చు లేకుండా. తేలినీలాపురంలో పక్షులు ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. జనం అలవాటైన పక్షులు. అక్కడ 300 చాలు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ అంతే, అక్కడి నత్తగుల్ల కొంగలు ఇళ్ల పక్క చెట్ల మీదే ఉంటాయి. 250కీ 300కీ తేడా గురించి కూడా చెప్తాను. పొడవులో ఇరవై శాతమే, కానీ పక్షి మీద పడే పిక్సెళ్లు 1.44 రెట్లు. వర్గం చెయ్యాలి మరి.

వంశధార | ఆగస్టు 18, రాత్రి 8:15
మాస్టారి లెక్క చదివి హాయిగా ఉంది. ఒక్క మాట కలుపుతాను. దూరం సగం చేయమన్నారు కదా అని గూళ్ల కిందకి వెళ్లిపోవద్దు తమ్ముడూ. ఆ ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. ఎగిరితే బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లని, రాయి విసిరేవాళ్లని నేను చూశాను. తల్లి ఎగిరిపోతే గుడ్డు మీద ఎండ పడుతుంది, కాకి కాచుకుని ఉంటుంది. డ్రోన్ అసలే వద్దు.

టెక్కలి కుర్రోడు | ఆగస్టు 18, రాత్రి 9:30
అస్సలు చేయను అక్కా. మా అమ్మమ్మగారి ఊరు ఆ పక్కదే, నన్ను తన్ని తగలేస్తారు.

మాస్టారూ, నౌపడ ఉప్పు మడుల్లో పక్షులకి మరి? అక్కడ గట్టు మీద నుంచి చాలా దూరం. 1.4 టెలికన్వర్టర్ (లెన్స్ వెనక తగిలిస్తే 1.4 రెట్లు దగ్గరికి లాగేది) పెడితే?

ఉప్పుగల్లీ | ఆగస్టు 18, రాత్రి 10:02
కన్వర్టర్ మాట మర్చిపో. ఎఫ్/5.6 లెన్స్‌కి 1.4 పెడితే ఎఫ్/8 అవుతుంది. డీ3200 ఫోకస్ వ్యవస్థ ఎఫ్/5.6 వరకే ఖాయంగా పనిచేస్తుంది. ముందు స్క్రూ చేసుకునే చవక భూతద్దాలు అమ్ముతారు, అవి ఇంకా ఘోరం.

నౌపడ గురించి అడిగావు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నా పేరే ఉప్పుగల్లీ మరి.

అక్కడ సిగ్మా 150-600 కంటెంపరరీ వాడుతున్నాను, 1930 గ్రాములు. ముందర 95 ఎంఎం ఫిల్టరు పడుతుంది, అంటే ఫిల్టరు కొనడానికే చేతులు వణుకుతాయి. ఇంత బరువు మోసుకుని పదింటికి గట్టు మీదకి వెళ్తే వచ్చేది ఏమిటో తెలుసా? నీళ్లలో కరిగిపోయినట్టు ఉండే పక్షి. ఎండెక్కాక ఉప్పు మడి వేడెక్కి, మీద గాలి తెరలు తెరలుగా లేస్తుంది. వేడిగాలి, చల్లగాలి కలిసి వెలుగుని అటూ ఇటూ వంచేస్తాయి. ఫోకస్ సరిగ్గానే ఉంటుంది, షట్టర్ 1/2000 సెకను, అయినా అంచు ఉండదు. లెన్స్ పాడైందని సర్వీసుకి ఇచ్చేవాళ్లు ఉన్నారు. దూరం పెరిగేకొద్దీ ఇది ఎక్కువ, కాబట్టి పొడవాటి లెన్స్ ఉన్నవాడికే ఎక్కువ నష్టం. లక్ష పెట్టి కొన్నా ఆ గాలిని దాటలేదు.

పొద్దు పొడిచాక గంటన్నర, మళ్లీ సాయంత్రం చివరి గంట. నౌపడలో అదే టైం. ఆ గంటలో నీ 300తో కూడా నీళ్లలో నీడతో సహా మంద మొత్తాన్ని తీయొచ్చు. ఒక్క పక్షి మొహం కావాలనే పట్టుదల వదిలెయ్. నాకైతే మందల ఫొటోలే ఎక్కువ ఇష్టం, ఈ మధ్య 600 దాకా లాగడమే మానేశాను.

పీ900_వీరాభిమాని | ఆగస్టు 18, రాత్రి 10:20
2000 ఎంఎంలో ఆ తెరలు ఇంకా బాగా కనిపిస్తాయి. ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను.

పెదచెరువు | ఆగస్టు 18, రాత్రి 10:24
ఈ పోస్టుని ఫ్రేము కట్టించి పెట్టండి ఎవరైనా.

బొబ్బిలి_వీణ | ఆగస్టు 19, ఉదయం 7:45
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కానన్ 1500డీ. ఇంట్లో 75-300 ఉంది, మా బావగారు ఇచ్చారు. చెట్టు కొమ్మల అంచులన్నీ ఊదారంగులో వస్తున్నాయి. సెట్టింగు ఏమైనా మార్చాలా?

మూడులాంతర్లు_స్టూడియో | ఆగస్టు 19, ఉదయం 8:30
సెట్టింగు కాదమ్మా, ఆ లెన్స్ తీరే అంత. తెల్లటి ఆకాశం ముందు నల్లటి కొమ్మ ఉంటే ఆ ఊదా గీత వచ్చి తీరుతుంది. ఎఫ్/8కి మూసి, 200 దాటకుండా తీస్తే తగ్గుతుంది. అందులో చేతి వణుకుని ఆపే ఐఎస్ కూడా లేదు. బావగారికి చెప్పకుండా ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం తీసుకోండి. 2013లో వచ్చింది, 375 గ్రాములు. కానన్ క్రాప్ బాడీ (మీదానిలా చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) ఉన్నవాళ్లకి తక్కువ ధరలో దానికి పోటీ లేదు. పేరు చివర ఎస్‌టీఎం ఉందో లేదో చూడండి. ఐఎస్ 2 అనే పాతది కూడా తిరుగుతోంది. అదీ చెడ్డది కాదు గానీ ఫోకస్ నెమ్మది, చప్పుడు. 300 కావాలంటే ఈఎఫ్ 70-300 ఐఎస్ 2 యూఎస్ఎం బ్రహ్మాండం, కానీ బరువులోనూ ధరలోనూ దాదాపు రెట్టింపు.

టెక్కలి కుర్రోడు | ఆగస్టు 19, ఉదయం 9:10
స్టూడియో అన్నా, సిరిమాను సంగతి చెప్పనే లేదు.

మూడులాంతర్లు_స్టూడియో | ఆగస్టు 19, రాత్రి 9:55
షాపు కట్టేశాక తీరిగ్గా రాద్దామని ఆగాను.

సిరిమాను చదురుగుడికీ (అమ్మవారి గుడి) కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. బయల్దేరేసరికే మధ్యాహ్నం దాటిపోతుంది. అక్టోబరులో మనకి ఐదున్నర దాటితే పొద్దు గుంకుతుంది. పూజారి మాను చివర ఆకాశంలో ఉంటారు, కింద జనసముద్రం, అరటిపళ్లు గాల్లో ఎగురుతుంటాయి. ట్రైపాడ్ పెట్టే జాగా కాదు, చేతులు పైకెత్తితే మళ్లీ దించుకునే చోటు ఉండదు.

మొదటి తిరుగుడులో వెలుతురు ఉంటుంది. 70-300తో పూజారి మొహం, చేతిలో విసనకర్ర తీయొచ్చు. వెనక ఆకాశం తెల్లగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి పెట్టు, లేకపోతే మొహం నల్లబడిపోతుంది. తేలినీలాపురంలో చెట్టు పైకొమ్మ పక్షులకీ ఇదే సూత్రం. ఆఖరి తిరుగుడుకి ఎఫ్/5.6 చేతులెత్తేస్తుంది. మాను ఊగుతూ ఉంటుంది, 1/250 కన్నా తగ్గించలేవు. వీఆర్ నీ చెయ్యి వణకకుండా చూస్తుంది గానీ సిరిమాను ఊగకుండా ఆపలేదు కదా. ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో సెన్సర్‌ని పెంచే అంకె) 3200 పెట్టినా డీ3200లో మచ్చలు తేలతాయి.

అందుకని నా మాట: పాతిక వేలూ ఒక్క లెన్స్ మీద పెట్టకు. 70-300 సెకండ్ హ్యాండ్‌లో బేరం చేసి తీసుకుని, మిగిలినదాంతో ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్/1.8 జీ పాతది వెతుకు. ఎఫ్/5.6తో పోలిస్తే దాదాపు పదింతల వెలుతురు. దాంతో సిరిమాను ముందు నడిచే పాలధార, అంజలి రథం, బెస్తవారి వల తియ్యి. అందరూ మాను మీదే కెమెరా పెడతారు. బెస్తవాళ్ల మొహాలు తీసేవాడు లేడు.

వంశధార | ఆగస్టు 19, రాత్రి 10:30
సెకండ్ హ్యాండ్ అంటున్నారు కాబట్టి: మన కోస్తా గాలికి లెన్స్‌లో బూజు పట్టడం మామూలే. కొనే ముందు రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడు. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే బేరం కూడా ఆడకు. పొగ పట్టినట్టు మసగ్గా ఉన్నా అంతే. రెండు దుమ్ము రేణువులు ఉంటే పర్లేదు.

బారువ_అల | ఆగస్టు 19, రాత్రి 10:41
బియ్యం డబ్బాలో పెడితే బూజు రాదంటారు కదా అక్కా?

వంశధార | ఆగస్టు 19, రాత్రి 10:58
బియ్యం తినడానికి. తవుడు దుమ్మంతా జూమ్ సందుల్లోకి పోతుంది, తేమ లాగేది అంతంతే. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, నీలం సిలికా జెల్ చాలు. గింజలు గులాబీ రంగులోకి మారితే మూకుడులో సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. ఆ మూకుడు మళ్లీ వంటకి వాడకు. తోలు సంచిలో మాత్రం నెలల తరబడి దాచొద్దు. సముద్రం ఒడ్డు నుంచి వచ్చాక ముందు ఊది, ఆ తర్వాతే గుడ్డతో తుడువు. ఉప్పు రవ్వలు గాజుని గీరేస్తాయి.

టెక్కలి కుర్రోడు | ఆగస్టు 24, సాయంత్రం 7:18
విశాఖలో ఒకాయన దగ్గర రెండూ ఉన్నాయి, నికాన్ 70-300 వీఆర్, టామ్రాన్ వీసీ. టామ్రాన్ రెండు వేలు తక్కువ చెప్తున్నాడు. ఆదివారం నా బాడీ పట్టుకుని వెళ్తున్నాను. టార్చ్ చూస్తాను. ఇంకేం చూడాలి?

ఉప్పుగల్లీ | ఆగస్టు 24, రాత్రి 8:05
300కి లాగి, ఎఫ్/5.6లో, వీధి అవతలి బోర్డు మీద అక్షరాలు తియ్యి. నాలుగు మూలలూ పెద్దది చేసి చూడు. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే ఎప్పుడో కింద పడ్డదన్నమాట. వీసీ వేసి 1/60లో నాలుగైదు తియ్యి, ఎక్కువ భాగం నిలబడాలి. లెన్స్‌ని కిందికి వంచి పట్టుకుంటే జూమ్ దానంతటదే జారిపోతోందేమో చూడు. రెండింటికీ అదే పరీక్ష పెట్టి, ఏది తేటగా ఉంటే అది తీసుకో. పాత లెన్స్‌ల దగ్గర కంపెనీ పేరు కన్నా ఆ ముక్క ఎలా ఉందన్నదే ముఖ్యం.

మూడులాంతర్లు_స్టూడియో | ఆగస్టు 24, రాత్రి 8:30
ఈ మాటకి నేనూ ఒప్పుకుంటాను. హుడ్ (లెన్స్ ముందర తొడిగే గొట్టం) కూడా అడుగు, తర్వాత విడిగా కొనాలంటే దొరకదు. ఫిల్టర్ నికాన్‌కి 67 ఎంఎం, టామ్రాన్‌కి 62. తేలినీలాపురంలో షట్టర్ 1/1600, ఐఎస్‌ఓ ఆటో, ఫోకస్ పాయింటు మధ్యది ఒక్కటే పెట్టుకో, డీ3200లో గట్టిది అదే.

పెదచెరువు | ఆగస్టు 24, రాత్రి 8:33
విశాఖ వెళ్తున్నావు కాబట్టి క్యాష్ తక్కువ పట్టుకెళ్లు. ఆ షాపుల్లో 150-600 కూడా అద్దాల బీరువాలోనే ఉంటుంది.